మేకుల పలక మీద గీతలు

నాకు చూపు పోతోందని మొదట కనిపెట్టింది మా లెక్కల టీచరుగారు. అంతకు ముందు మా ఇంట్లో తెలిసింది రేచీకటి ఒక్కటే. దీపాలు పెట్టే వేళకి నేను గుమ్మం తట్టుకుని పడేదాన్ని. అమ్మ మునగాకు వండేది. ఆదివారం చర్చి నుంచి వస్తూ నాన్న మేక కార్జం తెచ్చేవాడు. చేపనూనె చెంచాతో పోసి, మింగేదాకా నా ముక్కు పట్టుకునేవారు. ఇవన్నీ తింటూ, తాగుతూనే తొమ్మిదో తరగతికి వచ్చాను.

మాది బెజవాడలో పటమట. నాన్న లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి, అమ్మ మిషనాసుపత్రిలో ఆయా. వాళ్ళకు నేనొక్కదాన్నే.

ఆ ఏడు క్లాసులో గ్రాఫులు మొదలయ్యాయి. రెండు సమీకరణాలు ఇచ్చి గ్రాఫు ద్వారా సాధించమనేవారు. ఒక్కో సమీకరణానికి మూడేసి బిందువులు కనుక్కుని, గళ్ళ కాగితం మీద పెట్టి, వాటిని కలుపుతూ గీత గియ్యాలి. రెండో దానికీ అంతే. రెండు గీతలూ ఖండించుకున్న చోటే జవాబు. నిజానికి గీతకు రెండు బిందువులు చాలు. మూడోది తప్పు పట్టుకోవడానికి. మూడూ ఒకే గీత మీదకు రాలేదంటే ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట.

లెక్కలంటే నాకు భయం లేదు. జవాబు ముందే మనసులో కట్టేసేదాన్ని. గ్రాఫు కాగితమే నాకు లొంగేది కాదు. దాని మీది లేత ఆకుపచ్చ గళ్ళు అసలు కనపడేవి కావు. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. ఒకరోజు టీచరుగారు దిద్దిన పుస్తకాలు పంచుతూ నన్ను బల్ల దగ్గరకు పిలిచారు.

"జవాబు రైటే. నీ గీతలు ఎక్కడ కలిశాయో వేలు పెట్టి చూపించు" అన్నారు.

కాగితం మొహం దగ్గరకు తెచ్చుకుని వెతికాను. ఒక గీత దొరికింది. దాన్ని పట్టుకుని వెళ్తే కాగితం అంచు వచ్చింది. రెండో గీత కోసం వెనక్కి మళ్ళేసరికి మొదటిది పోయింది.

"పక్కమ్మాయి పుస్తకం చూసి వేశావా?"

"లేదండీ. ముందు మనసులో చేసుకున్నానండీ."

ఆవిడ ఇంకో రెండు సమీకరణాలు నోటితో చెప్పారు. అక్కడే నిలబడి జవాబు చెప్పాను. ఆవిడ నా పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, "నా ముక్కు వంకే చూడు, తల తిప్పకు. నా చెయ్యి కనపడుతోందా?" అని అడిగారు.

"ఏ చెయ్యండీ?" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ నా చెవుల పక్కన ఆడిస్తూ ఉన్నారట. క్లాసులో పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, రేపే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమని అమ్మానాన్నలతో చెప్పి వెళ్ళారు.

డాక్టరుగారు కంట్లో మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, లైటు పెట్టి చాలాసేపు చూశారు. చూసి, "మీది దగ్గర సంబంధమా అండీ?" అని నాన్నని అడిగారు.

"మా అక్క కూతురేనండి" అన్నాడు నాన్న, కొంచెం గర్వంగానే. మా వైపు అది గొప్పగా చెప్పుకునే మాట.

"కంటి వెనక పొర ఎండిపోతోంది. అంచుల నుంచి లోపలికి వస్తుంది. దగ్గర సంబంధాల్లో పిల్లలకి ఒక్కోసారి ఇలా వస్తుంటుందండి. దీనికి మందు లేదు."

"కార్జం పెడుతున్నామండి" అంది అమ్మ.

"పెట్టండి. దానివల్ల నష్టమేం లేదు."

బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. నాన్న వెనక నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో ఎదురుగా మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా నా చేత చెప్పించేది. "అన్నం పెట్టానని మీ నాన్నకి చెప్పు", "నూనె అయిపోయిందని చెప్పు". ఒకసారి నాన్న ఉండబట్టలేక, "నేనేం చేశానే?" అన్నాడు. "వద్దని నేను ఏడిస్తే ఎవరు విన్నారు?" అంది అమ్మ. నా వయసుకే అమ్మకి పెళ్ళయింది. పెళ్ళికి ముందు ఆమె ఏడ్చిందని ఆ మాటతోనే నాకు తెలిసింది. నాన్న చొక్కా వేసుకుని బయటకు వెళ్ళిపోయాడు.

పదో తరగతికి వచ్చేసరికి నల్లబల్ల మీద అక్షరాలు పోయాయి. పుస్తకంలో ఒక్కో అక్షరం, పుల్ల దూరేంత సందులోంచి చూసినట్టు కనపడేది. చర్చిలో పెద్దలు నా తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. హెడ్మాస్టరుగారు నాన్నని పిలిపించి, "ఇంటిపట్టున ఉంచండి, పిల్ల ఎక్కడన్నా పడితే మాకు మాటొస్తుంది" అన్నారు. టీచరుగారు అక్కడే ఉన్నారట. "పరీక్ష నేను రాయిస్తానండీ" అన్నారట.

టీచరుగారిది బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె. వాళ్ళ నాన్న, అన్న వేటకు వెళ్ళేవారు. ఆ ఇంట్లో చదువుకున్నది ఆవిడొక్కరే. పెళ్ళి చేసుకోలేదు. మా వీధి చివర ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. శనివారం బడి అవగానే బస్సెక్కి ఊరెళ్ళి, సోమవారం పొద్దున్నే వచ్చేవారు. నా కోసం కొన్ని వారాలు ఆ ప్రయాణం మానుకుని, ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మిగతా లెక్కలన్నీ నోటితో నడిచేవి. గ్రాఫు దగ్గర ఇద్దరం ఆగిపోయేవాళ్ళం.

ఒకరోజు ఆవిడ నాన్నతో, "నాకో పలక చేసిపెట్టగలరా? అడ్డంగా, నిలువుగా సమానంగా మేకులు కావాలి. వేలికి గుచ్చుకోకూడదు" అన్నారు.

నాన్న షెడ్డులో మిగిలిన చెక్క తెచ్చి చిత్రిక పట్టాడు. కొలిచి గీతలు గీసి, గీతలు కలిసిన ప్రతిచోటా చిన్న మేకు కొట్టాడు. ఒక్కో మేకు తల ఆకురాయితో అరగదీశాడు. ఆకురాయి చప్పుడు ఎన్నో సాయంత్రాలు విన్నాను. టీచరుగారు వాళ్ళ నాన్న వల అల్లే దారం ఉండ ఒకటి తెచ్చారు. మధ్యలో అడ్డంగా, నిలువుగా రెండు లావు తాళ్ళు బిగించారు. ఆ తాళ్ళు దాటుకునే చోటు సున్నా. అక్కడి నుంచి కుడికి ఎన్ని మేకులు, పైకి ఎన్ని మేకులు అని వేళ్ళతో లెక్కపెట్టుకుంటే బిందువు దొరుకుతుంది. ఒక బిందువు దగ్గర దారం ముడి వేసి, దూరంగా ఉన్న ఇంకో బిందువుకి లాగి కట్టాలి. మధ్యలో ఉన్న మూడో మేకు దారానికి తగిలితే లెక్క సరి. తగలకపోతే తప్పు.

మొదటిసారి రెండు దారాలూ కట్టి, ఒకదాని వెంట వేలు జరుపుకుంటూ వెళ్ళాను. ఒకచోట ఇంకో దారం అడ్డం వచ్చింది.

"ఇక్కడున్నాయండీ, రెండూ."

"ఎంతెంత?"

"ఎక్స్ నాలుగు, వై మూడు."

వంటింట్లోంచి అమ్మ వచ్చి, తడి చేత్తోనే నా వేలు ఉన్నచోట వేలు పెట్టి, "ఇదేనా?" అని అడిగింది. "అదే" అన్నాను. అమ్మ ఆ చోటు ఇంకోసారి తడిమి చూసింది. నాన్న గుమ్మం దగ్గర దగ్గుతూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, మా ఇంట్లో ముగ్గురం ఒక పని మీద దగ్గరగా ఉన్న రోజు చెప్పమంటే నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

ఆ తర్వాత చాలా చేశాం. కొన్ని జవాబులు రెండు మేకుల మధ్య పడేవి, అప్పుడు సగమా, పావా అని వేలితో అంచనా కట్టేదాన్ని. ఒకసారి ఎంత వెతికినా రెండు దారాలూ కలవలేదు. "పలక చాల్లేదండీ" అన్నాను. "ఎంత పలకైనా ఇవి కలవవు. సాధన లేదు, అలా రాసెయ్" అన్నారు. క్రిస్మస్ నాటికి నాకు అక్షరం కనపడటం పూర్తిగా పోయింది. కిటికీ ఎటుందో తెలిసేది, అంతే.

పరీక్షకు నా బదులు రాయడానికి, కింది తరగతి పిల్లనొకదాన్ని పెట్టుకోవచ్చని టీచరుగారు ఎన్నో ఆఫీసులు తిరిగి అనుమతి తెచ్చారు. మా బడిలోనే తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒప్పుకుంది. నెమ్మదస్తురాలు. దస్తూరీ బావుంటుందని ఆ పిల్లనే ఎంచారు.

లెక్కల పరీక్ష రోజు టీచరుగారు పలకని పాత చీరలో చుట్టి తెచ్చారు. గేటు దగ్గరే తనిఖీవాళ్ళు ఆపేశారు.

"ఇదేంటండీ, మేకులు?"

"గ్రాఫుకి అండీ. అమ్మాయికి చూపు లేదు. దీని మీద చేసి, జవాబు చెప్పి రాయిస్తుంది."

"రాసే మనిషికి ఆర్డరుంది. దీనికి లేదుగా. లోపలికి పంపడానికి కుదరదండీ."

టీచరుగారు బతిమాలారు. ఆవిడ గొంతు అలా వినడం నాకు అదే మొదలు. నేనే, "పోనీలెండి, మనసులో చేస్తాను" అని లోపలికి నడిచాను.

నన్నూ, రాసే పిల్లనీ వేరే గదిలో కూర్చోబెట్టారు. కాపలాగా పెద్దాయన ఒకాయన ఉన్నారు. చెడ్డవారు కాదు, మంచినీళ్ళు కూడా తెప్పించారు. మొదట్లోనే మాకు నియమం చెప్పారు. "ఈ అమ్మాయి చెప్పింది నువ్వు రాయాలి. ప్రశ్న చదవడం తప్ప నువ్వు నోరు తెరవకూడదమ్మా."

మిగతా లెక్కలు నడిచాయి. నేను చెప్పడం, ఆ పిల్ల రాయడం, మళ్ళీ చదివించుకోవడం. అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. చివరికి గ్రాఫు లెక్కకి వచ్చాం. ఎక్స్‌కి రెండు వైలు కలిపితే ఎనిమిది. రెండు ఎక్స్‌ల లోంచి వై తీసేస్తే ఒకటి. వింటూనే జవాబు తెలిసిపోయింది, ఎక్స్ రెండు, వై మూడు. కానీ జవాబు చెబితే మార్కులు లేవు. గీతలు గీసి చూపించాలి.

మొదటి సమీకరణానికి బిందువులు చెప్పాను. సున్నా, నాలుగు. నాలుగు, రెండు. ఎనిమిది, సున్నా. పెన్సిలు ఆగిపోయింది.

"మూడూ ఒక గీత మీదకి వచ్చాయా?" అని అడిగాను.

ఆ పిల్ల ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. పెద్దాయన వెంటనే, "చెప్పకూడదమ్మా" అన్నారు.

"సరే, గీత గియ్యి" అన్నాను.

"ఏ రెండు చుక్కలు కలపనక్కా?"

"అదీ అడగకూడదు" అన్నారాయన.

కానీ ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. మూడూ ఒక గీత మీద ఉంటే ఏ రెండని అడగదు. ఎక్కడో తప్పు జరిగింది. పలక ఉంటే దారం లాగి ఒక్క వేలితో తేల్చేదాన్ని. లెక్క మళ్ళీ మనసులో కట్టాను. సరిగానే ఉంది. ఇంకోసారి కట్టాను. సరిగానే ఉంది. "చెరిపేసి మళ్ళీ పెట్టు" అని అవే బిందువులు చెప్పాను. పెట్టింది. పెట్టి, గీత గియ్యకుండా కూర్చుంది.

అప్పుడు నాకు నా మీదే నమ్మకం పోయింది. ప్రశ్న తప్పు విన్నానేమోనని మళ్ళీ చదివించాను. విన్నది సరే. అయితే నా తలలోనే ఏదో చెడిందనుకున్నాను. కళ్ళు పోయినట్టే ఇదీ పోతోందనుకున్నాను. ఆ భయంలో చెప్పిన బిందువులు వదిలేసి వేరేవి కట్టడం మొదలుపెట్టాను. అవి చెప్పేలోపు గంట కొట్టారు. రెండో గీత మొదలే కాలేదు.

బయటకు రాగానే ఆ పిల్ల ఏడ్చేసింది. టీచరుగారు పుల్లతో నేల మీద గళ్ళు గీసి, ఎక్కడ పెట్టావో చూపించమన్నారు. నాలుగు, రెండు అని నేను చెబితే, అది కుడికి రెండు, పైకి నాలుగు పెట్టింది. కంగారులో రెండుసార్లూ అలాగే పెట్టింది.

"నీ తప్పేం కాదులేమ్మా" అన్నారు టీచరుగారు దానితో. నాతో, "నువ్వు చెప్పింది సరే" అన్నారు. ఆ మాట లోపల ఒక్కసారి వినిపించి ఉంటే చాలునని నాకనిపించింది.

ఫలితాలు వచ్చిన రోజు నాన్న పేపరు పట్టుకుని షెడ్డులోనే చాలాసేపు ఉండిపోయాడట. ఇంటికొచ్చి, "నీ నంబరు లేదమ్మా" అన్నాడు. లెక్కలు ఒక్కటే తప్పాను. ఆ ఒక్క గ్రాఫు వచ్చి ఉంటే గట్టెక్కేదాన్నో లేదో తెలియదు. సెప్టెంబరు పరీక్షకి మళ్ళీ ఫీజు కట్టాం కానీ, రాసే మనిషికి అనుమతి పరీక్ష అయిపోయాక వచ్చింది. "మార్చికి పలకతో సహా ఆర్డరు తెస్తాను, ఈసారి వదలను" అన్నారు టీచరుగారు. మళ్ళీ ఆదివారం పాఠాలు మొదలయ్యాయి.

ఆ నవంబరులో ఉప్పెన వచ్చింది.

ఆ శనివారం టీచరుగారు ఊరెళ్ళాల్సింది. వరసగా రెండు పాఠాలు పోయాయని, మర్నాడు నాకు చెప్పాలని ఆగిపోయారు. బెజవాడలో గాలికి రేకులు లేచిపోయాయి, స్తంభాలు పడ్డాయి. ఆదివారం ఆవిడ మా ఇంటికి రాలేదు. అమ్మ వెళ్ళి చూస్తే గదికి తాళం వేసి ఉంది. బస్సులు లేకపోతే ఏదో లారీ పట్టుకుని బయల్దేరారని పక్కింటివాళ్ళు చెప్పారు.

కొన్నాళ్ళకి షెడ్డు నుంచి బియ్యం, బట్టలు వేసుకుని లారీలు దివిసీమ వైపు వెళ్తుంటే నాన్న కూడా వెళ్ళాడు. తిరిగొచ్చి పెరట్లో ఒళ్ళు తోముకుంటూనే ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అక్కడ ఏం చేశాడో, ఏం చూశాడో చనిపోయేదాకా మాకు చెప్పలేదు. అన్నాళ్ళకి ఆ రోజే అమ్మ నాన్నతో తనంతట తను నేరుగా మాట్లాడింది. "కాసిని మజ్జిగన్నా తాగు" అంది. టీచరుగారు బతికే ఉన్నారని మాత్రం నాన్న చెప్పాడు.

ఆవిడ డిసెంబరులో వచ్చారు, గది ఖాళీ చెయ్యడానికి. మా ఇంట్లో నా ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడకపోతే వెళ్ళిపోయారేమో అనుకుని, "టీచర్ గారూ" అన్నాను.

"ఉన్నాను."

"మీ వాళ్ళందరూ..."

"అన్నయ్య కొడుకొక్కడు దొరికాడు. తాటిచెట్టు పట్టుకుని ఉన్నాడు. వాడికి నేను తప్ప ఇంకెవరూ లేరు. నాన్న దొరకలేదు. అమ్మని గాజుల్ని బట్టి గుర్తుపట్టాను" అన్నారు.

అమ్మ కాఫీ తెచ్చి పెట్టింది. ఆవిడ తాగలేదు.

"ఆ శనివారం నేను ఊళ్ళో ఉండాల్సిందాన్ని" అన్నారు.

నా పాఠం వల్ల ఆవిడ బతికారు. ఆ బతకడం ఆవిడకి మేలు చేసినట్టు నాకు వినిపించలేదు. పరీక్ష మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయారు. బందరు దగ్గర ఏదో బడికి బదిలీ చేయించుకున్నారని తర్వాత విన్నాం. ఉత్తరం రాయించాను. జవాబు రాలేదు. ఇంకో ఉత్తరం రాయించడానికి నాకు ధైర్యం చాలలేదు.

మార్చిలో పరీక్ష రాశాను. రాసే పిల్ల వేరే. పలక కోసం తిరిగేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అది ఇంట్లోనే ఉండిపోయింది. గ్రాఫు లెక్క చదవగానే, "అది వదిలెయ్, తర్వాతది చదువు" అన్నాను. మిగతావి చేశాను. ఈసారి పేపర్లో నా నంబరు ఉంది. నాన్న మిఠాయి తెచ్చాడు, అమ్మ చర్చిలో కానుక వేసింది. కాలేజీలో చేర్చుకోమని అడగడానికి నాన్న రెండు చోట్లకు తీసుకెళ్ళాడు. ఒకచోట కూర్చోబెట్టి మర్యాదగా, ఇంకోచోట నిలబెట్టి, కుదరదన్నారు.

చివరికి చూపులేని ఆడవాళ్ళకి పని నేర్పే చోట చేర్పించారు. కుర్చీలకి కేను అల్లే పని. మొదటిరోజు అమ్మ ఆసుపత్రికి సెలవు పెట్టి తీసుకెళ్ళింది. పని నేర్పే ఆవిడ నా ముందు ఖాళీ చట్రం ఒకటి పెట్టి, తడిపిన కేను చేతికిచ్చి, ఏ కంతలోంచి ఏ కంతలోకి లాగాలో చెప్పింది. నేను తొందరగానే పట్టుకున్నాను.

"నేను కాసేపు కూర్చోవచ్చా అండీ?" అని అడిగింది అమ్మ.

"కూర్చోండి, దానికేం."

అమ్మ గోడవార కూర్చుంది. చాలాసేపటికి వేళ్ళు మంటపెట్టి ఆపాను. "అమ్మా, ఉన్నావా?" అన్నాను. జవాబు లేదు.

"బయట కుళాయి దగ్గరుంది" అంది నా పక్కన అల్లుతున్న పెద్దామె. "నీళ్ళ చప్పుడు వింటున్నావుగా. ఏడుపు మనకి వినపడకూడదని తిప్పింది. రానియ్యి, నువ్వేమీ అడక్కు."

కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగింది. అమ్మ వచ్చి మళ్ళీ గోడవార కూర్చుంది. నేనేమీ అడగలేదు. ఇంకో కేను తీసుకున్నాను.